ఖాళీ బస్సుకీ ఫుల్ ఖర్చే: మహమ్మారి టైంలో రవాణా సంస్థలు ఎలా నడిచాయి, ఎందుకలా నడిచాయి

క్లుప్తంగా

మహమ్మారి వచ్చినప్పుడు బస్సు, మెట్రో సంస్థలు తీసుకున్న నిర్ణయాలు చూస్తే డాక్టర్ల సలహాలకన్నా రెండు లెక్కలే ఎక్కువ పనిచేశాయి: డ్యూటీకి ఎంతమంది రాగలిగారు, సంస్థ ఖర్చులో టికెట్ డబ్బు వాటా ఎంత. ప్రయాణికులు పదిలో ఒకరికి పడిపోయినా ఖర్చు మాత్రం ఆ లెక్కన తగ్గలేదు. మొదటి ఏడాది శ్రద్ధంతా తుడవడం మీదే పోయింది, గాలి సంగతి ఆలస్యంగా గుర్తొచ్చింది. తర్వాత జనం తిరిగొచ్చారు గానీ పాత రోజుల్లో, పాత టైంకి రాలేదు, అందుకే ఆ లోటు ఇప్పటికీ కొన్ని నగరాల్ని వెంటాడుతోంది.

డౌట్ ఎక్కడ మొదలైంది

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ని మహమ్మారి అని ప్రకటించాక నెల తిరిగేలోపే పెద్ద నగరాల్లో ప్లాట్‌ఫామ్‌లు బోసిపోయాయి. న్యూయార్క్ సబ్‌వేలో మామూలు పనిరోజున 55 లక్షల దాకా ప్రయాణాలు జరిగేవి, ఏప్రిల్ కల్లా అందులో 90 శాతానికి పైగా మాయమైపోయాయి, లండన్ మెట్రో ట్యూబ్‌లోనూ దాదాపు అదే కథ. అప్పట్నుంచీ జనంలో కొన్ని ప్రశ్నలు అలాగే ఉండిపోయాయి. ఒక నగరంలో మెట్రోకి తాళం వేసి ఇంకో నగరంలో ఎందుకు నడిపారు, ఎవరూ ఎక్కని బస్సుల్ని ఖాళీగా ఎందుకు తిప్పారు, జనం తగ్గారు కదా అని ట్రిప్పులు తగ్గిస్తే రద్దీ ఎందుకు పెరిగింది, అసలు ఇన్నేళ్ళు గడిచాక కూడా కోవిడ్ వల్లే నష్టాలు అని ఎందుకు అంటున్నారు.

వీటన్నిటికీ మూలం ఒకటే. ఈ సంస్థలు పుట్టిందే వందలమందిని ఒకే పెట్టెలో కుక్కి తక్కువ ఖర్చుతో ఇటునుంచి అటు చేర్చడానికి. రూట్లు, షెడ్యూళ్ళు, టికెట్ రేట్లు, డిపోల సైజు, చివరికి తలుపుల వెడల్పు కూడా రద్దీని దృష్టిలో పెట్టుకునే కట్టుకుంటూ వచ్చారు. అలాంటి సంస్థతో రద్దీ వద్దు, సర్వీసు మాత్రం కావాలి అంటే ఏమవుతుందో 2020 చూపించింది.

ఇది కొత్తగా వచ్చిన చిక్కేమీ కాదు లేండి. 1918 ఇన్‌ఫ్లూయెంజా అప్పుడు న్యూయార్క్ ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ సబ్‌వే ఆపలేదు, దానికి బదులు ఆఫీసులు, షాపులు, ఫ్యాక్టరీలు ఒకేసారి తెరవకుండా ఒక్కో రకానికి ఒక్కో టైం పెట్టించి పీక్ అవర్ రద్దీని పలచన చేయడానికి చూశాడు. సియాటిల్‌లో మాస్క్ లేనివాళ్ళని కండక్టర్లు ట్రామ్ ఎక్కనివ్వలేదు. వందేళ్ళ తర్వాత వాడిన ఉపాయాల్లో ముఖ్యమైనవి ఈ రెండే, కాకపోతే ఈసారి ఆఫీసులు ఇంటికే వచ్చేశాయి.

మూసేయాలా నడపాలా

వూహాన్‌లో 2020 జనవరి 23న బస్సులు, మెట్రో, ఫెర్రీలు అన్నీ ఒకేసారి ఆపేశారు. బస్సులు మళ్ళీ మార్చి 25న, మెట్రో మార్చి 28న మొదలయ్యాయి. ఢిల్లీ మెట్రో 2020 మార్చి 22 నుంచి 169 రోజులు మూతపడి సెప్టెంబర్ 7న ఒక్కో లైన్ చొప్పున తెరుచుకుంది. న్యూయార్క్, లండన్ ఒక్క రోజు కూడా పూర్తిగా మూయలేదు. జపాన్‌లో ఏప్రిల్ 7న ఎమర్జెన్సీ ప్రకటించినా అక్కడి చట్టం ప్రకారం ప్రభుత్వం ఎక్కువగా రిక్వెస్ట్ చేయడమే తప్ప బలవంతంగా ఆపించే పరిస్థితి లేదు, టోక్యోలో రైళ్ళు మామూలు టైంటేబుల్‌కి దగ్గరగానే తిరిగాయి.

మూసేయడం చాలా తేలికైన పనిలా కనిపిస్తుంది గానీ ఆ మరుక్షణమే వచ్చే ప్రశ్న ఏంటంటే ఆస్పత్రిలో నర్సు, పారిశుద్ధ్య సిబ్బంది, కరెంటు సబ్‌స్టేషన్ ఆపరేటర్, వీళ్ళు డ్యూటీకి ఎలా వెళ్ళాలి. వూహాన్‌లో వాలంటీర్లు సొంత కార్లేసుకుని మెడికల్ సిబ్బందిని దింపారు. లాక్‌డౌన్ ఎంత గట్టిగా అమలైతే అంత తక్కువమందికి ప్రయాణం అవసరం ఉంటుంది కాబట్టి వేరే ఏర్పాటు కుదురుతుంది, సగం సగం లాక్‌డౌన్ పెట్టిన నగరంలో ఆ ఏర్పాటు సరిపోదు. అంటే రవాణా ఆపడం అనేది రవాణా సంస్థ చేతిలో ఉన్న నిర్ణయం కానే కాదు, ఊరంతటి లాక్‌డౌన్ ఎంత గట్టిదో దాన్నిబట్టి పైనుంచి వచ్చే నిర్ణయం.

మధ్యే మార్గం ముంబైలో కనిపించింది. లోకల్ రైళ్ళని 2020 జూన్ 15 నుంచి అత్యవసర సేవల సిబ్బందికి మాత్రమే తెరిచారు, మామూలు జనాన్ని 2021 ఫిబ్రవరి 1 నుంచి రద్దీ లేని గంటల్లో రానిచ్చారు, రెండో వేవ్‌లో మళ్ళీ ఆపి, ఆ ఏడాది ఆగస్టు 15 నుంచి రెండు డోసులు పడ్డవాళ్ళని ఎక్కనిచ్చారు. ఈ పద్ధతి వినడానికి బాగుంది గానీ గేట్లు లేని, వంద దారులున్న స్టేషన్లో ఎవరు ఎవరో చూసి పంపడం అంటే దానికి ఇంకో సైన్యం కావాలి, రైలు నడిపే సంస్థ ఉన్నట్టుండి ఐడీ కార్డులు చెక్ చేసే సంస్థ అయిపోయింది.

ఇంకో సంగతి, మూసినంత మాత్రాన పని ఆగదు. సొరంగాల్లో ఊట నీళ్ళు తోడుతూనే ఉండాలి, సిగ్నళ్ళు, పట్టాలు, బ్యాటరీలు చూసుకుంటూనే ఉండాలి, బోగీల్ని అప్పుడప్పుడు ఖాళీగా తిప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో నగర రైలు మునీ మెట్రోని నెలల తర్వాత 2020 ఆగస్టు 22న తెరిచారు, పైన కరెంటు తీగల అతుకులు ఊడటం, కంట్రోల్ సెంటర్లో ఒకరికి కోవిడ్ తేలడం రెండూ ఒకేసారి జరిగేసరికి మూడు రోజులకే మళ్ళీ మూసేశారు.

ఒక్కరికి ఎంత జాగా

దూరం పాటించండి అని గోడకి స్టిక్కర్ అంటించడం వేరు, ఆ దూరంతో ఎంతమంది పడతారో లెక్కేయడం వేరు. మెట్రో బోగీలో నిలబడేవాళ్ళకి చదరపు మీటరుకి 4 నుంచి 6 మంది చొప్పున లెక్క కడుతుంటారు. మనిషికీ మనిషికీ మధ్య 2 మీటర్లు వదలాలంటే ఎంత పొందిగ్గా నిలబెట్టినా ఒక్కొక్కరికి మూడున్నర చదరపు మీటర్ల దాకా కావాలి. అంటే 14 నుంచి 21 మంది నిలబడే చోట ఒక్కరు. సీట్లూ తలుపులూ కలిపి చూస్తే లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ కథ మారదు, లండన్ ట్యూబ్ తన మామూలు సామర్థ్యంలో 13 నుంచి 15 శాతమే మోయగలనని చెప్పుకుంది, బ్రిటన్ రవాణా మంత్రి కూడా 2020 మేలో సర్వీసులన్నీ నడిపినా పదిమందిలో ఒకరికే చోటుంటుందన్నారు.

ఇక్కడే చాలామంది తికమకపడేది. జనం తగ్గారంటే బస్సులు తగ్గించొచ్చు కదా అనిపిస్తుంది, దూరం రూల్ ఉన్నంతకాలం లెక్క తిరగబడుతుంది, తక్కువమందిని మోయడానికి ఎక్కువ బస్సులు కావాలి. లండన్‌లో 2020 మార్చి మూడో వారంలో 40 దాకా స్టేషన్లు మూసి రైళ్ళు తగ్గించారు, నాలుగు రోజులు తిరక్కుండానే పొద్దున్నే పనికెళ్ళేవాళ్ళతో కిక్కిరిసిన బోగీల ఫొటోలు ఊరంతా తిరిగాయి. కోపం సంస్థ మీదకి మళ్ళింది, ఎక్కువ రైళ్ళు వేయొచ్చు కదా అని. సమాధానం ఏంటంటే సిబ్బందిలో మూడో వంతు దాకా జబ్బుపడో ఐసొలేషన్‌లోనో ఉన్నారు.

నడపడానికి మనిషి లేకపోతే

బోగీలు, బస్సులు షెడ్డులో ఎన్ని ఉన్నా వాటిని నడిపే మనిషికి ఆ రూట్ మీద, ఆ మోడల్ మీద ట్రైనింగ్ ఉండాలి, ఎవర్ని పడితే వాళ్ళని కూర్చోబెట్టడానికి లేదు. డ్రైవర్లలో పదిమంది రాకపోతే పది ట్రిప్పులతో పోదు, ఒక్కో డ్రైవర్ షిఫ్టులో ఎన్నో ట్రిప్పులు వేస్తాడు, పైగా ఒకచోట దిగిన డ్రైవర్ ఇంకోచోట ఎక్కే బండి పట్టాలి, ఆ గొలుసులో రెండు మూడు కొక్కేలు ఊడితే సాయంత్రం షెడ్యూల్ మొత్తం చెల్లాచెదురు అవుతుంది.

కంట్రోల్ రూమ్‌లో పరిస్థితి ఇంకా సున్నితం. ఒక లైన్ మొత్తాన్ని చూసుకునేది కొద్దిమందే, వాళ్ళందరూ కూర్చునేది ఒకే గదిలో. అందుకే చాలాచోట్ల టీముల్ని రెండుగా విడగొట్టి ఒకరి మొహం ఒకరు చూడకుండా షిఫ్టులు వేశారు, స్టాండ్‌బై కంట్రోల్ రూమ్ ఉన్నవాళ్ళు సగంమందిని అక్కడికి పంపారు. అలా చేసినా తప్పించుకోలేని సందర్భాలున్నాయి, 2021 జులైలో కంట్రోల్ రూమ్ సిబ్బంది కొందరు సెల్ఫ్ ఐసొలేషన్‌కి వెళ్ళాల్సి రావడంతో లండన్‌లో మెట్రోపాలిటన్ లైన్ ఒక శనివారం ఆగిపోయింది. బోగీలు బాగున్నాయి, డ్రైవర్లున్నారు, ప్రయాణికులున్నారు, బోర్డు ముందు కూర్చునేవాళ్ళే లేరు.

ట్రైనింగ్ ఆగిపోవడం ఇంకో దెబ్బ, దీని ఎఫెక్ట్ వెంటనే కనపడదు. డ్రైవర్ క్యాబిన్‌లో నేర్చుకునేవాళ్ళూ నేర్పేవాళ్ళూ పక్కపక్కనే గంటలకొద్దీ ఉండాలి, దూరం రూల్‌తో అది కుదరదు కాబట్టి కొత్త బ్యాచ్‌లు ఆగాయి, రిటైరయ్యేవాళ్ళు మాత్రం రిటైరవుతూనే ఉన్నారు. లండన్‌లో వాటర్‌లూ అండ్ సిటీ లైన్ 2020 మార్చిలో మూసింది 2021 జూన్ 21 దాకా తెరవలేదు, ఆ చిన్న లైన్ డ్రైవర్ల అవసరం రద్దీ ఎక్కువున్న సెంట్రల్ లైన్‌లో పడింది మరి. అమెరికాలో 2022 మొదట్లో అక్కడి రవాణా సంస్థల సంఘం చేసిన సర్వేలో 92 శాతం సంస్థలు మనుషులు దొరకట్లేదన్నాయి, 71 శాతం ఆ కారణంతోనే ట్రిప్పులు తగ్గించామనో పెంచాల్సినవి వాయిదా వేశామనో చెప్పాయి.

ఇదంతా మనుషుల లెక్క. ప్రాణాల లెక్క వేరే ఉంది. న్యూయార్క్ రవాణా సంస్థ ఎంటీఏలో 130 మందికి పైగా ఉద్యోగులు కోవిడ్‌తో పోయారు. లండన్‌లో బస్ డ్రైవర్ల మరణాలు ఎంత సీరియస్ అయ్యాయంటే దానిమీద యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ళతో ప్రత్యేకంగా స్టడీ చేయించారు. డెట్రాయిట్‌లో 2020 మార్చి 17న డ్రైవర్లు బండ్లు తీసేది లేదని కూర్చున్నారు, ఒక్క రోజులోనే నగరం దిగొచ్చి టికెట్ తీసేసి, వెనక డోర్ నుంచి ఎక్కించడానికి ఒప్పుకుంది. మాస్క్ పెట్టుకోమని ప్రయాణికుడికి చెప్పే పని కూడా చివరికి డ్రైవర్ నెత్తినే పడింది, ఇంగ్లండ్‌లో 2020 జూన్ 15 నుంచి, అమెరికా మొత్తంలో 2021 ఫిబ్రవరి నుంచి 2022 ఏప్రిల్ 18న కోర్టు కొట్టేసేదాకా. రూల్ రాసింది ఎక్కడో పై ఆఫీసులో, గొడవపడాల్సింది స్టీరింగ్ ముందున్న మనిషి.

వెనక డోర్ ఖరీదు

డ్రైవర్‌ని కాపాడాలంటే అందుబాటులో ఉన్న చవకైన మార్గం ముందు డోర్ మూసేయడం. న్యూయార్క్ బస్సుల్లో 2020 మార్చి 23 నుంచి వెనక డోరే, లండన్‌లో ఏప్రిల్ 20 నుంచి మధ్య డోర్. టికెట్ మెషిన్ ఉండేది డ్రైవర్ పక్కన కాబట్టి అటు ఎక్కితే టికెట్ లేనట్టే, అంటే ఒక ఆరోగ్య నిర్ణయం తెలీకుండానే ఫ్రీ బస్ పథకం అయిపోయింది. న్యూయార్క్‌లో ఆగస్టు 31న మళ్ళీ ముందు డోర్, టికెట్ మొదలుపెట్టారు.

ఆ ఐదు నెలల్లో పోయిన డబ్బు లెక్కకొస్తుంది, అలవాటు లెక్కకి రాదు. 2024 మొదట్లో న్యూయార్క్ బస్సుల్లో దాదాపు సగంమంది, 48 శాతం, డబ్బు కట్టకుండా ఎక్కుతున్నారని సంస్థే చెప్పింది. ఇదంతా వెనక డోర్ వల్లే అంటే అన్యాయం, ఎగవేత అంతకుముందే పెరుగుతూ ఉంది, చెకింగ్ తగ్గింది, ఖర్చులూ పెరిగాయి. అయినా కట్టక్కర్లేదు అని ఒకసారి జనానికి చెప్పాక మళ్ళీ కట్టమని చెప్పడం మొదటిసారి చెప్పినంత ఈజీ కాదు.

వేరే దారి పట్టినవాళ్ళూ ఉన్నారు. లండన్‌లో డ్రైవర్ అద్దానికి మాట వినపడటానికి ఉండే రంధ్రాల్ని మూసి, క్యాబిన్‌ని వేరుచేసి, నెల దాటాక దశలవారీగా ముందు డోర్‌కి తిరిగొచ్చారు. ఢిల్లీ మెట్రో తెరిచినప్పుడు టోకెన్లు పక్కనపెట్టి స్మార్ట్ కార్డులతోనే మొదలుపెట్టింది. చేత్తో డబ్బు ముట్టుకోకుండా కట్టే ఏర్పాటు ముందే ఉన్న సంస్థలకి ఆరోగ్యమా ఆదాయమా అనే తేల్చుకోలేని పరిస్థితి రాలేదు, వచ్చినా కొద్దిరోజులే.

తుడిచారు, కడిగారు, గాలి మర్చిపోయారు

2020 మే 6 నుంచి న్యూయార్క్ సబ్‌వేని రాత్రి 1 నుంచి 5 దాకా మూయడం మొదలుపెట్టారు, పగలూ రాత్రీ నడవడమే ఐడెంటిటీగా ఉన్న సిస్టమ్ అది. కారణం బోగీలు కడగడం. పూర్తిగా 24 గంటల సర్వీస్ మళ్ళీ 2021 మే 17న వచ్చింది. హాంకాంగ్ మెట్రో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి చల్లే రోబోని దింపింది. ప్రపంచమంతా కడ్డీలు, హ్యాండిళ్ళు, సీట్లు రోజుకి ఇన్నిసార్లు తుడిచాం అని ప్రెస్‌నోట్లు.

మరి వైరస్ ఎక్కువగా ఎలా అంటుకుంటోంది? 2020 జనవరి 19న చైనాలోని నింగ్‌బోలో ఒక ప్రార్థన కార్యక్రమానికి రెండు బస్సుల్లో 128 మంది వెళ్ళారు. ఒక బస్సులో 68 మంది ఉంటే వాళ్ళలో ఒకరికి అప్పటికే కోవిడ్ ఉంది, ఏసీ బయటి గాలి తీసుకోకుండా లోపలి గాలినే తిప్పుతోంది, రానూపోనూ కలిపి 100 నిమిషాల ప్రయాణం. ఆ బస్సులో ఇంకో 23 మందికి వచ్చింది, రెండో బస్సులో ఒక్కరికీ రాలేదు. దూరంగా కూర్చున్నవాళ్ళకి కూడా రావడంతో గాలే మోసిందనే అనుమానం బలపడింది. ఈ స్టడీ 2020 సెప్టెంబర్‌లోనే బయటికొచ్చింది. వస్తువుల్ని ముట్టుకోవడం వల్ల అంటుకునే ఛాన్స్ సాధారణంగా 10,000లో ఒకటి కన్నా తక్కువని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పేసరికి 2021 ఏప్రిల్ వచ్చింది.

అయితే తుడవడం ఎందుకు కొనసాగింది అంటే దానికి సంస్థ వైపు నుంచి అర్థమయ్యే కారణాలున్నాయి. తుడిచే మనిషి కనపడతాడు, ఫిల్టర్ కనపడదు. భయపడి ఎక్కడం మానేసినవాళ్ళని వెనక్కి రప్పించాలంటే ఏదో ఒకటి చేస్తున్నట్టు కనపడాలి. తుడవడానికి రేపట్నుంచే మనుషుల్ని పెట్టుకోవచ్చు, గాలి మార్చాలంటే ఇంజినీర్లు కూర్చోవాలి, దట్టమైన ఫిల్టర్ వేస్తే ఫ్యాన్ మీద లోడ్ పెరుగుతుంది, పాత బోగీల్లో అది పట్టకపోవచ్చు, బయటి గాలి ఎక్కువ తీసుకుంటే చలికాలం హీటర్, ఎండాకాలం ఏసీ సరిపోవు.

ఇందులో విచిత్రం ఏంటంటే చాలా మెట్రో బోగీల్లో గాలి ముందునుంచే బాగా మారుతూ ఉంది. న్యూయార్క్ బోగీల్లో గంటకి 18 సార్లు గాలి మారుతుందని సంస్థ చెబుతుంది, చాలా ఆఫీసు గదుల్లో దీంట్లో సగం కూడా ఉండదు. జపాన్‌లో దీనికి ఖర్చులేని పని చేశారు, రైలు కిటికీలు కొంచెం తెరిచి నడిపారు. మాట్లాడకుండా మాస్కులతో కూర్చునే 20 నిమిషాల మెట్రో ప్రయాణానికీ, కిటికీలు మూసిన బస్సులో రెండు గంటల ప్రయాణానికీ రిస్క్‌లో చాలా తేడా ఉంది, ఆ తేడాని చెప్పుకోవడంలో సంస్థలు వెనకబడ్డాయి. పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ అంటేనే డేంజర్ అనే మాట ఒకటి జనంలో పాతుకుపోయింది, కడిగిన ప్రతి బోగీ ఫొటోతో అది ఇంకొంచెం బలపడిందేమో కూడా.

ఏ రూట్లు ఉంచాలి, ఎవరి కోసం

సిబ్బంది లేక సర్వీస్ తగ్గించక తప్పనప్పుడు రెండు దారులున్నాయి. అన్ని రూట్లలో కొంచెం కొంచెం కొయ్యడం ఒకటి, కొన్ని రూట్లు పూర్తిగా తీసేసి మిగతావి దిట్టంగా నడపడం రెండోది. మొదటిది రాజకీయంగా సేఫ్, ఏ కాలనీవాళ్ళూ మా బస్సు పోయిందని అరవరు, కానీ రద్దీ ఉన్న రూట్‌లో బస్సులు తగ్గి ఇంకా ఇరుకు అవుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో రెండో దారి పట్టి 2020 ఏప్రిల్‌లో 17 ముఖ్యమైన బస్ రూట్లకి కుదించుకుంది, ఆస్పత్రులకీ, కార్లు లేని కుటుంబాలు ఎక్కువున్న పేటలకీ వెళ్ళేవి ఉంచింది. పక్కన పడ్డ కొండ ప్రాంతాల వృద్ధులకి ఆ నెలలు కష్టంగా గడిచాయన్నది కూడా నిజమే.

సియోల్ ఇంకో రకంగా కోసింది, 2020 ఏప్రిల్ 1 నుంచి చివరి రైలుని గంట ముందుకి జరిపింది, డిసెంబర్‌లో కేసులు పెరిగితే రాత్రి 9 దాటాక ట్రిప్పులు 30 శాతం తగ్గించింది, జనం తొందరగా ఇళ్ళకి పోతారని. ఇక్కడ రైలు టైంటేబుల్ లాక్‌డౌన్ పనిముట్టుగా మారింది. రాత్రి షిఫ్ట్ ఉన్నవాళ్ళకి మాత్రం అది ఉన్న ఒక్క బండి పోవడం.

ఎవరు ఎక్కడం మానేశారు, ఎవరు మానలేకపోయారు అన్నది ఈ సంక్షోభంలో అన్నిటికన్నా స్పష్టంగా బయటపడ్డ విషయం. ఆఫీసు ఉద్యోగుల్ని మోసే సబర్బన్ రైళ్ళు, మెట్రోలు బాగా ఖాళీ అయ్యాయి, బస్సులు అంతగా కాలేదు. క్లీనర్లు, కేర్ వర్కర్లు, గోడౌన్‌లో పనిచేసేవాళ్ళు ఇంటినుంచి పనిచెయ్యలేరు. అప్పటిదాకా సంస్థల ప్లానింగ్ అంతా పొద్దున 9కి డౌన్‌టౌన్ చేరే మనిషి చుట్టూ తిరిగేది, ఆ మనిషి మాయమయ్యాక మిగిలినవాళ్ళు ఎవరో కనపడ్డారు.

డబ్బు ఎక్కడ ఆగింది

బస్సులో 50 మంది ఉన్నా ఐదుగురున్నా డ్రైవర్ జీతం అంతే, ఆయిల్ దాదాపు అంతే, తెచ్చిన అప్పుల మీద వడ్డీ అంతే. ప్రయాణికుల్ని బట్టి మారే ఖర్చు చాలా చిన్నది. మామూలు రోజుల్లో ఇది వరం, కొత్తగా ఎక్కిన ప్రతి మనిషి టికెట్ దాదాపు మొత్తం మిగులే. జనం పోయినరోజు అదే సూత్రం ఎదురు తిరుగుతుంది, పోయిన ప్రతి టికెట్ మొత్తం నష్టమే.

దాంతో ఒక వింత జరిగింది. టికెట్లతో ఎక్కువ సంపాదించుకునే సంస్థలు, అంటే అప్పటిదాకా సమర్థంగా నడుస్తున్నాయని పేరున్నవి, ముందు కుప్పకూలాయి. లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్ నడిపే ఖర్చుకి ఆధారం సుమారు 70 శాతం టికెట్లే, 2020 మే 14న ప్రభుత్వం నుంచి 160 కోట్ల పౌండ్ల ప్యాకేజీ తీసుకోవాల్సొచ్చింది, దాంతోపాటు షరతులూ వచ్చాయి, జూన్ 22 నుంచి సెంట్రల్ లండన్‌లో కార్ల మీద వేసే కంజెషన్ చార్జ్ 11.50 నుంచి 15 పౌండ్లకి పెరిగింది. జపాన్ రైల్వే కంపెనీ జేఆర్ ఈస్ట్ 1987లో ప్రైవేట్ అయ్యాక మొదటిసారి ఏడాది నష్టం చూపించింది, 2021 మార్చితో ముగిసిన ఏడాదికి 57,790 కోట్ల యెన్‌లు. హాంకాంగ్ మెట్రోకి స్టేషన్ల మీద కట్టిన ఇళ్ళు, మాల్స్ నుంచి ఆదాయం ఉన్నా 2020లో నష్టం తప్పలేదు. టికెట్ వాటా తక్కువుండి పన్నుల మీద బతికే చిన్న సంస్థలకి ఆ ఏడాది దెబ్బ తక్కువ తగిలింది.

అమెరికా ప్రభుత్వం మూడు విడతల్లో డబ్బు ఇచ్చింది, 2020 మార్చిలో 2,500 కోట్ల డాలర్లు, డిసెంబర్‌లో 1,400 కోట్లు, 2021 మార్చిలో 3,050 కోట్లు. ఆ డబ్బుతో సంస్థలు మునగలేదు, ట్రిప్పులు కూడా చాలావరకు నిలబడ్డాయి. కానీ అది ఒకసారి ఇచ్చి వదిలేసే డబ్బు, జనం పూర్తిగా తిరిగొచ్చేలోపు అయిపోయింది. కొన్నేళ్ళుగా వినపడుతున్న ఫిస్కల్ క్లిఫ్ అంటే ఇదే, మెట్లు లేకుండా ఒక్కసారిగా తెగిపోయే అంచు.

తిరిగొచ్చింది ఎవరు, ఎప్పుడు

ఆఫీసులు తెరిచాక మంగళ, బుధ, గురువారాలు మళ్ళీ నిండాయి, సోమ, శుక్రవారాలు నిండలేదు. లెక్కప్రకారం వారం మొత్తంలో జనం తగ్గారు కాబట్టి బోగీలు తగ్గించొచ్చు అనిపిస్తుంది, బుధవారం పొద్దున్న 9 గంటలకి మాత్రం ఇంచుమించు పాతన్ని బోగీలు, పాతంతమంది డ్రైవర్లు కావాలి. సంస్థ ఖర్చుని నిర్ణయించేది వారం సగటు కాదు, ఆ ఒక్క పీక్ గంట. ఐదు రోజులు సంపాదించిపెట్టే సామాను ఇప్పుడు మూడు రోజులే సంపాదిస్తోంది.

దీంతోపాటే నెల పాస్ దెబ్బతింది. వారానికి మూడు రోజులు వెళ్ళేవాళ్ళకి నెల పాస్ గిట్టదు. బ్రిటన్ రైల్వేలు 2021 జూన్‌లో 28 రోజుల్లో ఏవైనా 8 రోజులు వాడుకునే ఫ్లెక్సీ సీజన్ టికెట్ తెచ్చాయి. న్యూయార్క్ 2022లో వారంలో 12 సార్లు కడితే మిగతావి ఫ్రీ అనే లెక్క మొదలుపెట్టింది. జర్మనీ అయితే పెద్ద అడుగే వేసింది, 2022 జూన్ నుంచి ఆగస్టు దాకా నెలకి 9 యూరోల టికెట్ పెడితే 5 కోట్లకి పైగా అమ్ముడయ్యాయి, దాని కొనసాగింపుగా 2023 మేలో 49 యూరోల డాయిష్‌లాండ్ టికెట్ వచ్చింది, 2025 జనవరికల్లా అది 58 యూరోలైంది. టికెట్ చవక చేసి జనాన్ని రప్పించడం పనిచేస్తుంది, ఆ తేడా డబ్బు ఎవరు కడతారన్న పంచాయితీ మాత్రం ఫెడరల్ ప్రభుత్వానికీ రాష్ట్రాలకీ మధ్య ఏటా నడుస్తూ వచ్చింది.

న్యూయార్క్ 2023లో కంపెనీల జీతాల మీద పన్ను పెంచుకుని నడిపే ఖర్చుకి దారి చూసుకుంది. 2025 జనవరి 5 నుంచి మొదలైన కార్ల మీద 9 డాలర్ల కంజెషన్ టోల్ డబ్బు వేరు, అది పాత సిగ్నళ్ళు, లిఫ్టులు, కొత్త బోగీల కోసం, రెండింటినీ కలిపి చూడటం చాలామంది చేసే పొరపాటు. ఫిలడెల్ఫియాలో అక్కడి రవాణా సంస్థ సెప్టాకి అలాంటి దారి దొరకలేదు. కోవిడ్ డబ్బు అయిపోయాక 2025 ఆగస్టు చివర్లో 32 బస్ రూట్లు తీసేసింది, గొడవ కోర్టుకెక్కింది, సెప్టెంబర్‌లో మళ్ళీ అన్నీ నడవడం మొదలైంది. ఎలాగంటే పెట్టుబడి పనుల కోసం పక్కన పెట్టిన డబ్బుని రెండేళ్ళపాటు రోజువారీ ఖర్చుకి వాడుకోవడానికి రాష్ట్రం ఒప్పుకుంది. పెట్టుబడి డబ్బు ఎందుకు కావాలో కూడా అదే ఏడాది తెలిసొచ్చింది, ఆ సంస్థ నడిపే 1970ల నాటి సిల్వర్‌లైనర్ ఫోర్ బోగీలకి ఒకదాని తర్వాత ఒకటిగా మంటలు అంటుకున్నాయి, అక్టోబర్‌లో ఫెడరల్ రైల్వే అధికారులు వాటన్నిటినీ తనిఖీ చేయమని ఎమర్జెన్సీ ఆర్డర్ ఇచ్చారు.